చిత్తమని పలుకుట

మన తెలుగున ‘చిత్తము’ అను మాటకు రెండు వాడుకలు కలవు. మనస్సు, సంకల్పము అను అర్థము ఒకటి. పెద్దలు ఆజ్ఞాపించినప్పుడు వినయముతో పలుకు ప్రత్యుత్తరము రెండవది. జమీందారీల కాలమున కచేరీలలో సేవకుడు ‘చిత్తం’ అని తల వంచెడివాడు. తలతోపాటు మనస్సును వంగినదో లేదో దొరకు తెలియదు. తెలియవలసిన అవసరమును లేదు. పని జరిగిన చాలును. తెలుగు క్రైస్తవులు దైవసంకల్పమునకు వాడు మాటయు ఇదియే. ప్రభువు నేర్పిన ప్రార్థనలో దానిని చిన్ననాటినుండి పలుకుచున్నాము. అయితే దేవుని యెదుట పలుకు చిత్తము కచేరీలోని చిత్తము వంటిదేనా? ఇది విచారింపదగిన ప్రశ్న.

గెత్సేమనే అను మాటకు నూనె గానుగ అని అర్థము. యెరూషలేమునకు తూర్పున ఒలీవల కొండ దరినున్న ఆ చోట, తాను పట్టుబడిన రాత్రి, యేసుక్రీస్తు చేసిన ప్రార్థనను సువార్తికులు వర్ణించిరి. శిష్యులు నిద్రించుచుండగా ఆయన సాగిలపడి, రానున్న శ్రమ అను గిన్నెను తన యొద్దనుండి తొలగింపుమని తండ్రిని వేడుకొనెను; అటుపిమ్మటనే తండ్రి ఇష్టమునకు తన్ను అప్పగించుకొనెను. అదియు ఒకమారు కాదు, మూడుమారులు ప్రార్థించెను. ఆయన తన కోరికను దాచలేదు. కోరిక లేనట్లు నటింపలేదు. కావున అడుగుట అవిశ్వాసము కాదు, దుఃఖించుట తిరుగుబాటు కాదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి కన్నీరు ఆరకమునుపే ‘అంతయు దేవుని చిత్తము, ఊరకుండుము’ అని ఆమె నోరు మూయించువారు, క్రీస్తు తాను తీసికొనిన సమయమును ఆమెకు నిరాకరించుచున్నారు.

ఇట్టిదే మరియొక తోట జ్ఞప్తికి వచ్చుచున్నది. 386వ సంవత్సరమున మిలాను నగరములోని ఒక తోటలో అగస్టీను తనతో తాను పెనగులాడెను. దేవునివైపు తిరుగవలెననునది ఆయన కోరిక. పాత బ్రదుకును విడువరాదనునదియు ఆయన కోరికయే. మనస్సు ఆజ్ఞాపించినంతనే చేయి కదలును గాని, మనస్సు తన్ను తానే ఆజ్ఞాపించుకొనినప్పుడు ఏల వినదని ఆయన తరువాత తన ఆత్మకథలో ఆశ్చర్యపడెను. స్వచిత్తమును స్వచిత్తబలముతోనే జయింపబూనుట తన భుజములపై తానెక్కబూనుట వంటిది. అందుచేతనే క్రైస్తవులు సమర్పణను తమ ఘనతగా గాక దేవుని కృపగా ఎంచిరి. పిడికిలి బిగించియున్నామని ఒప్పుకొనుట మన వంతు. దానిని సడలించుట ఆయన వంతు.

ఇక్కడ ఒక ప్రమాదము పొంచియున్నది. దేవునికి లోబడుట యనగా ఎదుటివాడు చేయు సమస్తమునకు లోబడుటయని కొందరు తలంతురు. తోటలో తన్ను తాను అప్పగించుకొనిన యేసు, ఆ రాత్రియే ప్రధానయాజకుని యెదుట నిలువగా ఒక బంట్రౌతు ఆయనను కొట్టెను. అప్పుడాయన మౌనము వహింపలేదు. తాను పలికినది తప్పయినచో నిరూపింపుమనియు, ఒప్పయినచో ఏల కొట్టుచున్నావనియు అడిగెనని యోహాను సువార్త చెప్పుచున్నది. తండ్రికి వంగిన తల అన్యాయమునకు వంగలేదు. వేతనము ఎగగొట్టినవానిని ప్రశ్నింపకుండుట, ఇంటిలో దెబ్బలు తినుచున్న స్త్రీని సహింపుమని బోధించుట సమర్పణ కానేరదు.

మన కుటుంబములలో ‘దేవుని చిత్తము’ అను మాట తరచుగా ఎవరి నోట వినబడునో గమనింతము. కుమారుని చదువు, కుమార్తె వివాహము, ఆస్తి పంపకము మొదలగు విషయములలో పెద్దవాడు ముందుగా నిశ్చయించును. పిదప ఆ నిశ్చయమునకు దేవుని పేరు పెట్టును. అప్పుడు పిల్లలు లోబడునది దేవునికి కాదు, పెద్దవానికి. పెద్దవాడు మాత్రము ఏమియు విడువలేదు. ఈ దోషము మాయందు లేదని చెప్పజాలము. ప్రార్థనకు మునుపే నిర్ణయము చేసికొని, ప్రార్థనానంతరము దానిని దైవనిర్ణయముగ ప్రకటించిన దినములు మాకును కలవు. కనుక ‘దేవుని చిత్తము’ అని పలుకునప్పుడు, దీనిలో నేను విడుచుచున్నదేమి అని తన్ను తానడుగుకొనుట మేలు. ఏమియు లేదని జవాబు వచ్చినచో, ఆ చిత్తము మనదే అయియుండవచ్చును.

1755 ఆగస్టు 11న జాన్ వెస్లీ లండనులో తన సహవాసులతో ఒక నిబంధనారాధన జరిపెను. నాటినుండి మెథడిస్టులలో అది ఆచారమాయెను. సాధారణముగా నూతన సంవత్సరారంభమున దానిని జరుపుదురు. వెస్లియను సంఘములు 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘములో కలిసినప్పుడు ఆ సంప్రదాయమును వెంట తెచ్చినవి. దేవుడు తన్ను పనికి నియమించినను, పనినుండి తొలగించి ప్రక్కన ఉంచినను సమ్మతమేయని ఆ ఆరాధనలో విశ్వాసి ఒప్పుకొనును. మొదటిది కొంత సులభము, రెండవది కఠినము. పరభాషల నడుమ స్థిరపడి మందిరమునో, పాఠశాలనో, సమాజమునో నిలువబెట్టిన పెద్దలకు ఇది మరింత కఠినము. తాళపుచెవి తరువాతివారికి ఇచ్చి, వారు మన పద్ధతిని మార్చుచుండగా వెనుక బల్లపై కూర్చుండి వారికొరకు ప్రార్థించుట యెంత కష్టమో అనుభవించినవారికే తెలియును.

స్వచిత్తమును విడుచుట తన్ను తాను చెరిపివేసికొనుట కాదు. ఆనాటి గంజాము మండలమునకు చెందిన పురుషోత్తమ చౌదరి (1803–1890) క్రైస్తవుడైన పిదప తన తెలుగును గాని, తన సంగీతజ్ఞానమును గాని విసర్జింపలేదు. వానినే ప్రభువునకు అర్పించెను. రాగతాళయుక్తములైన ఆయన కీర్తనలను తెలుగు సంఘములు నేటికిని పాడుచున్నవి. అర్పింపబడినది నశింపలేదు, తరతరములకు ఉపయోగపడినది.

కచేరీలోని సేవకుడు పలికినది భయమువలన. మనము పలుకవలసినది బిడ్డ తండ్రితో పలుకు విధమున: అడుగవలసినది అడిగి, ఏడ్వవలసినంత ఏడ్చి, ఆయన మనకంటె మేలెరుగునని నమ్మి పలుకవలెను. ఇతరులచేత ఆ మాట పలికింపక, ముందు మనమే పలుకుటకు ప్రభువు మనకు తోడ్పడుగాక.