ముక్క పారేసేముందు

అమ్మడూ,

రాత్రిళ్ళు చదువయ్యాక బ్రౌజర్లో జిన్ రమ్మీ ఆడుతున్నావని మీ నాన్న చెప్పాడు, కాస్త దిగులుగానే. నాకు మాత్రం సంతోషమేసింది. ముక్క పట్టడం తెలిసిన మేనకోడలు ఈ అత్తకి ఒక్కతైనా ఉండాలిగా!

అయితే దాన్ని మన పదమూడు ముక్కల రమ్మీలా ఆడేస్తున్నావేమోనని నా అనుమానం. 1909లో న్యూయార్కులో ఎల్‌వుడ్ బేకర్ అనే ఆయన కనిపెట్టాడని చెప్పే ఈ ఆటలో జోకరు లేదు. ఒకటే పేక, చెరి పది ముక్కలు. అన్నీ కలిసేదాకా ఆగక్కర్లేదు. కలవని ముక్కల లెక్క పదికి దిగితే చాలు, నాక్ చేసి చేయి దింపెయ్యచ్చు. మనవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. షో చెప్పడమే గొప్పని పెరిగిన ప్రాణాలు కదా, అన్నీ కలిస్తే బోనస్ వచ్చే జిన్ కోసం కూచుంటారు. ఈలోగా అవతలివాళ్ళు ఎనిమిదితో నాక్ చేస్తే, చేతిలో రెండు రాజులు పట్టుకుని బిక్కమొహం వేస్తారు. (మీ మామయ్య ఇప్పటికీ రాజుల్ని వదల్లేడు.) మొదట్లోనే పదికి దిగావా, నాక్ చేసెయ్. ఆట ముదిరాక మాత్రం ఆలోచించు. నీకంటే అవతలి చేతిలో లెక్క తక్కువుంటే బోనస్ అటే పోతుంది.

ఇక ఏ ముక్క ఉంచాలో, ఏది పారెయ్యాలో చూడు. రాజు కలిసే వరస ఒక్కటే, జాకీ రాణి రాజు. ఏడుకి మూడు వరసలున్నాయి. ఇస్పేటు ఏడు, ఆఠీను ఏడు, ఆఠీను ఎనిమిది చేతిలో ఉన్నాయనుకో, నాలుగు ముక్కల్లో ఏదొచ్చినా కలుస్తుంది: మిగిలిన రెండు ఏడులు, ఆఠీను ఆరు, ఆఠీను తొమ్మిది. వాటిలో రెండు అప్పటికే కింద పడిపోతే? చాలాచోట్ల తెరమీద పైముక్క ఒక్కటే కనిపిస్తుంది. కిందవి నీ బుర్రలో ఉండాల్సిందే. ముక్కలు సర్దిపెట్టడం, లెక్క వేసి చూపించడం యంత్రమే చేస్తానంటుంది, ఒప్పుకోకు. ఆ పని నువ్వే చేసుకో.

ఇంకొకటి నాకు బొత్తిగా గిట్టదు. ఉచితమే కదా అని, చేయి చెత్తగా వచ్చిన ప్రతిసారీ మూసేసి కొత్త ఆట నొక్కడం. మొదలుపెట్టిన ఆట వంద పాయింట్లదాకా ఆడు. చెత్త చేతిని తక్కువ లెక్కతో గట్టెక్కించడంలోనే ఆటగాళ్ళ సత్తా తెలిసేది. మంచి ముక్కలొస్తే ఎవరైనా గెలుస్తారు.

ఇక డబ్బు సంగతి. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆటేనంది. నిజమే. కానీ ఆ మాట పట్టుకుని ఫోన్లో పందేలు కట్టి అప్పులపాలైనవాళ్ళని చూశాకే 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ పందేలని నిషేధించాయి. 2025లో కేంద్రమే చట్టం తెచ్చింది. ఉచితమని పిలిచి, రెండాటలయ్యాక నాణేలు కొనమన్నా, బ్యాంకు వివరాలు అడిగినా, గెలుస్తున్నా సరే, ఆ కిటికీ మూసెయ్.

నాతో ఆడాలనుంటే ఇద్దరం కలిసి ఆడే లింకు పంపు. తొమ్మిదిన్నర లోపల పంపాలి సుమా, ఆ తర్వాత నాకు కళ్ళు ఆగవు. గెలిపిస్తానని మాత్రం అనుకోకు.

మీ అత్త