మూగజీవుల చలియు మన ధర్మమును

భీవండిలో నీరు గడ్డకట్టు చలి లేదు. విశాఖ మన్యమున లంబసింగిలో వలె ఉష్ణోగ్రత సున్న దరికి దిగుట యిచట నెవరును చూచి యెరుగరు. అయినను మార్గశిర పుష్య మాసములలో వేకువజామున పద్మనగరు వీధులలో నడచువారికి, మూసిన దుకాణముల మెట్ల చెంత ముక్కును తోకలో దాచుకొని ముడుచుకొన్న కుక్కలు కనబడును. ఆ మూగజీవులకు మనము ఋణపడి యున్నామా? ఉన్నచో నెంత? ఇది విచారింపదగిన ప్రశ్న.

"మరమగ్గముల ప్రక్క పనివాడే చాపపై వణకుచుండ, కుక్కకు పడక యేల?" అని కొందరందురు. ఈ మాట త్రోసివేయదగినది కాదు. మనుష్యుని చలి ముందుగా తీరవలెను. కాని కుక్కకు గుప్పెడు గడ్డి పరచినందున పనివాని కంబళి తరుగదు. పనివాని పేరు చెప్పి కుక్కను తరుమువాడు, ఆ పనివానికి కంబళి కొనియిచ్చిననాడు గదా ఆ వాదము చెల్లుట!

మహాభారతమున ఆదియందొక శునకమును, అంత్యమందొక శునకమును గలవు. ఆదిపర్వమున జనమేజయుని తమ్ములు నిరపరాధియైన సరమ కుమారుని కొట్టగా, ఆ తల్లి సభకు వచ్చి న్యాయమడిగెను. మహాప్రస్థానిక పర్వమున ధర్మరాజు తన వెంట నడచి వచ్చిన కుక్కను విడిచి ఇంద్రుని రథ మెక్కనొల్లడయ్యెను. నిరపరాధిని హింసింపరాదనుట మొదటి ధర్మము. నమ్మి వచ్చినదానిని విడువరాదనుట రెండవది. మొదటిది ప్రతిజీవి యెడలను చెల్లును. రెండవది మనలను ఆశ్రయించిన జీవి యెడల చెల్లును.

వీధికుక్క స్వేచ్ఛగా తిరుగును. గాలి తగలని మూలను తానే వెదకికొనును. దానిని అచటినుండి తరుమకుండుటయే మన కనీస ధర్మము. గొలుసుతో కట్టిన కుక్క సంగతి వేరు. గాలి వీచినను, మంచు కురిసినను అది కదలజాలదు. పంజరములోని పక్షియు నట్టిదే. తన్ను తాను కాపాడుకొను స్వేచ్ఛను మన మెంత హరించితిమో, మన ఋణ మంత పెరుగును. 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము సైతము, పెంపుడు జంతువునకు చాలినంత ఆహారము, నీరు, నీడ కల్పింపని యజమానిని నేరస్థునిగా నెంచుచున్నది.

ఈ ఋణము తీర్చుటకు ధనము పెద్దగా నక్కరలేదు. రెండు ఇటుకలపై పాత పలకవేసి, దానిపై పొడి వరిగడ్డి పరచిన చాలును. తడిసిన గోనె చలిని పెంచునే గాని తగ్గింపదు. కనుక దానిని వెంటనే మార్చవలెను. కార్ఖానాలో మిగిలిన దారపు చిక్కులను పడకగా వేయరాదు. అవి పిల్లల కాళ్లకు చుట్టుకొని బిగియును. వీధికుక్కలు పెక్కు వానలు వెనుదీసిన పిమ్మట ఈనును. పుట్టిన తొలివారములలో కూనలు తమ ఒంటివేడిని తాము నిలుపుకొనలేవు. వానిని తల్లినుండి వేరుచేయుట చంపుటతో సమానము. పిల్లులు వెచ్చదనమునకై బండ్ల యంత్రముల చెంత దూరును. కావున ఉదయము బండి నడుపుటకు ముందు దానిపై నొకసారి తట్టవలెను.

కుక్కకాటునకు భయపడు తల్లిదండ్రుల మాటయు వినవలెను. దయ చూపువాడు ఆ దయకు పూచీయు వహింపవలెను. 2023 నాటి నిబంధనలు వీధికుక్కలకు సంతాననిరోధ చికిత్సయు, రేబిస్ టీకాయు వేయించి, సాధారణముగా పట్టినచోటనే విడువవలెనని చెప్పుచున్నవి. అన్నము పెట్టువారు ఈ పనికై పురపాలక సంస్థను కదలించుటయు ధర్మములో భాగమే. కరచినచో గాయమును పదునైదు నిమిషములు సబ్బుతో, పారునీటితో కడిగి, వెంటనే వైద్యునిచేత టీకా వేయించుకొనవలెను.

పొట్ట చేతబట్టుకొని తెలుగునాటినుండి వచ్చిన మన పెద్దలకు ఈ యూరిలో నెవరో ఒకరు తొలిరాత్రి తలదాచుకొన చోటిచ్చిరి. ఆ మేలును మరువని కుటుంబములు తమ వాకిటి మూలను ఒక మూగజీవికి విడుచుట గొప్ప దానమేమియు గాదు, న్యాయము మాత్రమే.