మా మీద పడ్డ మాటలు

మాట గాలిలో పుట్టి గాలిలోనే పోతుందంటారు. మా అనుభవం వేరు. కొన్ని మాటలు పోవు. వచ్చి మా మీద పడతాయి. పడ్డచోటే ఉండిపోతాయి. తురకోడు, సాయిబు, పింజారి, రజాకార్... మేం పుట్టకముందే మాకోసం కుట్టిపెట్టిన బట్టలివి. మా కొలత ఎవరూ తీసుకోలేదు. తొడిగేశారు, అంతే.

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో చదువుకున్న ఏ ముస్లిం పిల్లవాడినైనా అడిగి చూడండి. చరిత్ర పాఠం రజాకార్ల దగ్గరికి వచ్చేసరికి తరగతిలో తలలన్నీ ఎటు తిరుగుతాయో చెబుతాడు. ఆ పిల్లవాడి తండ్రి సైకిళ్లకు పంక్చర్లు వేస్తాడు. తాత దొర గడీలో వెట్టి చేశాడు. ఆ ఇంట్లో తుపాకీ పట్టినవాడు ఎవడూ లేడు. అయినా ఆ పూట ఆ మాట తన పేరేనేమో అనిపిస్తుంది వాడికి. తల దించుకుంటాడు.

ఎందుకు దించుకోవాలి? మాటకు అర్థం ఎక్కడుంటుంది? నిఘంటువులోనా? అన్నవాడి మనసులోనా? పడ్డవాడి గుండెలోనా? ఇది పండితుల ప్రశ్న, మాకెందుకని వదిలేద్దామంటే వీల్లేదు. ఈ ప్రశ్న మా గల్లీల్లోనే తిరుగుతోంది.

ముందు రజాకార్ మాటనే తీసుకుందాం. 'రజా' అంటే ఇష్టం, సమ్మతి. 'కార్' అంటే పని. తన ఇష్టంతో పనికి ముందుకొచ్చేవాడు రజాకార్. తెలుగులో స్వచ్ఛంద సేవకుడు అంటున్నామే, అదే. అయితే మజ్లిస్-ఎ-ఇత్తెహాదుల్ ముస్లిమీన్ తన సాయుధ దళానికి ఈ పేరు పెట్టుకుంది. లాతూర్ వకీలు ఖాసిం రజ్వీ దానికి నాయకుడయ్యాడు. 1947, 48ల్లో ఆ దళం నిజాం పోలీసులతో, దేశ్‌ముఖుల మనుషులతో కలిసి ఊళ్ల మీద పడింది. చిట్యాల దగ్గరి గుండ్రాంపల్లి పేరెత్తితే ఇప్పటికీ ఆ రోజుల చావులే గుర్తు చేసుకుంటారు.

ఆ దెబ్బ తిన్న ఇళ్లవాళ్లు ఆ మాట అన్నప్పుడు అందులో ఉన్న మంట నిజం. దాన్ని కాదనడానికి మేం కలం పట్టలేదు. నిఘంటువు తెరిచి 'చూడండి, మంచి అర్థమే కదా' అని వాళ్లతో వాదించడమంటే వాళ్ల చావులను అవమానించడమే.

అవయవాలు విడదీస్తే వచ్చే అర్థం ఒకటి, జనం వాడగా వాడగా స్థిరపడే అర్థం ఇంకొకటి అని మన శాస్త్రకారులు ఏనాడో చెప్పారు. మొదటిదాన్ని యౌగికం అన్నారు, రెండోదాన్ని రూఢి అన్నారు. రెండూ కలిసిన యోగరూఢికి బడిలో చెప్పే ఉదాహరణ పంకజం. బురదలో పుట్టేవి చాలా ఉన్నాయి. కప్ప పుడుతుంది, తుంగ పుడుతుంది. కానీ పంకజం అంటే తామర ఒక్కటే. ఈ కాలపు పడమటి తాత్వికుల్లో విట్‌గెన్‌స్టయిన్ కూడా ఇంచుమించు ఇటే వచ్చాడు. ఆయన పోయాక 1953లో అచ్చయిన పుస్తకంలో, మాట వెనక దాక్కున్న వస్తువు కోసం వెతకడం మాని, జనం ఆ మాటతో ఏం పని చేస్తున్నారో చూడమన్నాడు.

సరే, చూద్దాం. రజాకార్ అనే మాటతో జనం ఏం పని చేస్తున్నారు?

మాకు రెండు పనులు కనిపిస్తున్నాయి. ఒకటి, ఫలానా కాలంలో ఫలానా ఘోరాలు చేసినవాళ్లను పేరుపెట్టి చెప్పడం. ఇది పని పేరు. చేసినవాడికే తగులుతుంది. రెండోది, ఆ తర్వాత పుట్టినవాడిని, ఆ పనితో ఏ సంబంధమూ లేనివాడిని, టోపీ చూసి, గడ్డం చూసి, పేరు చూసి అనడం. ఇది పుట్టుక పేరు. అక్షరాలు అవే. పలుకు అదే. కానీ మాట మారిపోయింది. చేసిన పనికి పెట్టిన పేరు పుట్టుకకు అంటుకుంది. మా గొడవంతా ఈ రెండింటి మధ్య జరిగిన జారుడు గురించే.

ఈ జారుడు మొదటి నుంచీ లేదు. ఆ రోజుల్లో నెత్తురు చూసినవాళ్లకు పనికీ పుట్టుకకూ తేడా తెలుసు. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో విస్నూరు దేశ్‌ముఖ్ మీద భూమి కోసం కోర్టుకెక్కి, గెలిచి, ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ ముస్లిమే. 'మాభూమి' నాటకం పుట్టింది ఆయన కథలోంచే. రజాకార్ల దుర్మార్గాన్ని తన 'ఇమ్రోజ్' పత్రికలో ఎండగట్టినందుకు 1948 ఆగస్టులో హైదరాబాద్ నడివీధిలో చంపబడ్డ షోయబుల్లాఖాన్ ముస్లిమే. మరి రైతుల మీద నిజాం బలగాలను దింపించుకున్న విస్నూరు దొర? ఆయన హిందువు.

ఇంకో సంగతి. 1952లో హుజూర్‌నగర్ ప్రజలు హైదరాబాద్ శాసనసభకు ఎవరిని పంపారో తెలుసా? మఖ్దూం మొహియుద్దీన్‌ని. పోలీస్ యాక్షన్ జరిగి అప్పటికి నాలుగేళ్లే. కాలిన ఇళ్ల గోడలు ఇంకా నల్లగానే ఉండి ఉంటాయి. ఆ గోడల మధ్య బతుకుతున్న నల్లగొండ రైతులు ఒక ముస్లిం పేరు ముందు ఓటు వేశారు. వాళ్లకు రజాకార్ అంటే ఎవరో తెలుసు కనుకనే మఖ్దూం ఎవరో కూడా తెలిసింది. గాయానికి దగ్గరున్నవాడి నోట్లో మాట సూటిగా ఉంది. గాయం చూడనివాడి నోట్లోకి వచ్చేసరికి అది మసకబారి, ఒక్కడికి తగలాల్సింది అందరికీ తగులుతోంది.

ఖాసిం రజ్వీ 1957లో జైలు నుంచి విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. మాటను మాత్రం మా నెత్తిన వదిలిపోయాడు.

పేరు పెట్టే అధికారం ఎవరిదో వాళ్లు ఏది కనబడాలో, ఏది కనబడకూడదో కూడా నిర్ణయిస్తారు. 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా జరిగింది సైనిక చర్య. దానికి పెట్టిన పేరు పోలీస్ యాక్షన్. పోలీసు అనగానే దొంగ గుర్తొస్తాడు, శిక్ష గుర్తొస్తుంది. ఆ తర్వాత సంస్థానంలో ముస్లింల మీద జరిగిన హత్యాకాండ ఆ పేరులో ఎక్కడా కనబడదు. పండిత్ సుందర్‌లాల్ కమిటీ తిరిగి చూసి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని రాసింది. ఆ నివేదిక 2013 దాకా మామూలు జనం కంట పడలేదు. రజాకార్ అనే మాట ఊరూరా తిరుగుతుంటే ఈ చావులకు మాత్రం ఒక మాటే పుట్టలేదు. పేరు లేని దుఃఖాన్ని ఏమని తలచుకోవాలి?

సెప్టెంబర్ 17నే చూడండి. ఒకరికి విమోచనం, ఒకరికి విలీనం, ఇంకొకరికి విద్రోహం. 2022లో కేంద్రం విమోచన దినమంటే, రాష్ట్రం జాతీయ సమైక్యతా దినమంది. 2024లో వేరే ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమంది. తేదీ ఒక్కటే. జర్మన్ తాత్వికుడు ఫ్రెగే 1892లో చెప్పిన సంగతి ఇదే. వేకువ చుక్క, సందె చుక్క రెండూ ఒకే శుక్రగ్రహం. సూచించే వస్తువు ఒక్కటైనా, దాన్ని మన ముందు పెట్టే తీరు వేరు. ఆయనది ఆకాశంలో చుక్క కనుక ఎవరికీ దెబ్బ తగల్లేదు. మాది నేల మీది తేదీ. ఏ పేరు పెడితే ఎవరు పండుగ చేసుకోవాలో, ఎవరు తలుపులు మూసుకోవాలో తేలిపోతుంది.

ఈ జారుడు రజాకార్ మాటతో మొదలు కాలేదు, దానితో ఆగలేదు. దూదేకుల అన్నది శుద్ధమైన పని పేరు. దూది ఏకేవాళ్లు దూదేకులవాళ్లు. పింజారి అన్నా, అరబ్బీ 'నద్దాఫ్' నుంచి వచ్చిన లద్దాఫ్ అన్నా అదే పని. మిల్లులొచ్చాయి, పరుపుల దుకాణాలొచ్చాయి, ఏకుడుబద్ద అటకెక్కింది. పని పోయింది, పేరు పోలేదు. తరతరాలకు కులమై కూర్చుంది. అంతటితో ఆగిందా? తెలుగులో పింజారి అంటే ఇప్పుడు తిట్టు. ఎవడైనా నీచంగా ప్రవర్తిస్తే 'పింజారి వెధవ' అంటారు. సినిమాల్లో అంటారు, ఆఫీసుల్లో అంటారు. ఊరందరికీ మెత్తటి పడక ఇచ్చిన చేతుల పేరు తిట్టెలా అయింది? అనేవాడి మనసులో ఏ దూదేకుల మనిషీ ఉండకపోవచ్చు. 'మిమ్మల్ని కాదండీ' అంటాడు కూడా. కానీ అర్థం అన్నవాడి మనసులో తాళం వేసి దాచుకునే సొమ్ము కాదు. నలుగురి వాడుకలో ఉన్న ఉమ్మడి బావి. అందులో ఏం పోస్తే అదే అందరూ తాగాలి. మాలోనే సయ్యద్‌లమనీ పఠాన్‌లమనీ గొప్ప చెప్పుకునేవాళ్లు దూదేకులవాళ్లను చిన్నచూపు చూస్తారే, ఆ బావిలో వాళ్లు పోసింది కూడా తక్కువ కాదు.

ఇది ముస్లింల బాధ ఒక్కటే అనుకోకండి. పాలమూరు అన్నది ఊరి పేరు, జిల్లా పేరు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరుమీద మహబూబ్‌నగర్ అయినా జనం నోట్లో పాలమూరే. కరువుకు ఊళ్లు విడిచి, దేశమంతా ఆనకట్టలకు రాళ్లు మోసి, కాలువలు తవ్విన కూలీలను 'పాలమూరు లేబర్' అన్నారు. చివరికి మేస్త్రీల నోట్లో పాలమూరు అంటే ఊరు కాదు, చవగ్గా దొరికే రెక్కల కష్టం. అక్కడ పుట్టడమే కూలీగా పుట్టడమన్నట్టు! అక్కడ హిందువూ ముస్లిమూ ఒకే తట్ట మోశారు, ఒకే మాట పడ్డారు.

అయితే మాటలు ఇటే జారతాయా? అటు ఎక్కవా? ఎక్కుతాయి. మన జిల్లాలోనే సాక్ష్యం ఉంది. సయ్యద్ అన్నది పుట్టుక పేర్లలోకెల్లా పుట్టుక పేరు. ప్రవక్త వంశమని చెప్పుకునే పేరు. కానీ జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుని బిడ్డను కన్న తల్లి ఆ బిడ్డకు సైదులు అని పెట్టుకుంది. ఆమె యాదవుల ఇంటిది కావచ్చు, మాదిగవాడది కావచ్చు. సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి! వంశాన్ని చెప్పే మాట మొక్కును చెప్పే మాటయింది. పుట్టుక గోడ దూకి ప్రేమ వైపు పడింది. దీన్ని ఏ ప్రభుత్వమూ చేయలేదు. ఏ పండితుడూ చేయలేదు. తల్లులు చేశారు.

రైతు మాటనే చూడండి. అరబ్బీ 'రఅయ్యత్' అది. ఏలికల కింద కాపుదలలో ఉండే మంద అని, పాలితులని దాని పాత అర్థం. ఈ నేల దున్నినవాళ్లు ఆ మాటలోంచి మందను తరిమేసి మనిషిని నిలబెట్టారు. ఈనాడు రైతు అంటే తలెత్తుకునే మాట. నీదే మతం అని ఆ మాటను ఎవరూ అడగరు.

2024 జూలైలో బంగ్లాదేశ్‌లో ఇంకో దారి కనిపించింది. అక్కడ రజాకార్ అంటే 1971లో పాకిస్తాన్ సైన్యానికి కొమ్ముకాసినవాడు. ఉద్యోగాల కోటా మీద కొట్లాడుతున్న విద్యార్థులను ఉద్దేశించి ప్రధాని షేక్ హసీనా రజాకార్ల మనవల మాటెత్తింది. ఆ రాత్రే ఢాకా విశ్వవిద్యాలయం పిల్లలు మేమే రజాకార్లమంటూ నినాదాలిచ్చారు. విసిరిన రాయిని పట్టుకుని తిరిగి విసిరారు. మూడు వారాలకు ఆ ప్రభుత్వం పడిపోయింది.

మేం ఆ పని చేయం. చేయలేం. ఇక్కడ రజాకార్ల చేతిలో చచ్చినవాళ్లు మా ఊళ్లవాళ్లు. వాళ్ల మనవలతోనే మేం పీరీలెత్తాం, వాళ్లతోనే అలాయ్ బలాయ్ తీసుకున్నాం. షోయబుల్లాఖాన్ మావాడు. ఆయన్ని చంపినవాళ్ల పేరును ఎకసెక్కానికైనా మేం నెత్తిన పెట్టుకోం.

అలాగని ఆ మాటను చెరిపేయమనీ అడగం. చెరిపేస్తే షోయబుల్లాఖాన్ ఎవరితో కొట్లాడాడో, హుజూర్‌నగర్ ఎందుకు మఖ్దూంను గెలిపించిందో అర్థం కాకుండా పోతుంది. పాఠం చెప్పండి. పూర్తిగా చెప్పండి. ఎవడు చేశాడో, ఎవడితో కలిసి చేశాడో, ఎవడు ఎదిరించి చచ్చాడో పేర్లతో సహా చెప్పండి. రజాకార్ అన్న ప్రతిసారీ 'ఏం చేశాడు?' అని ఒక్క ప్రశ్న అడగండి. జవాబుంటే అది పని పేరు, అనండి. జవాబు లేక, వాడి తండ్రి పేరో టోపీయో చూపించాల్సి వస్తే, ఆ మాట ఆ పిల్లవాడిది కాదు. అన్న నోటిది. ఇంతకాలం దాని బరువు మేం మోశాం. ఇక అన్నవాళ్లు మోయాలి.