డోలీ మోయు భుజము



శ్రీ సమ్మేద శిఖరము పేరు వినగానే చేతులు జోడింపని జైన గృహము లేదు. 24 తీర్థంకరులలో 20 మంది నిర్వాణము పొందిన స్థలమది. ఝార్ఖండ్ రాష్ట్రమున గిరిడి జిల్లాలో సుమారు 4,480 అడుగుల ఎత్తున నిలిచియున్నది. చుట్టునున్న నేల యుగయుగములుగా వానలకు కోసుకొనిపోగా, గట్టి రాయి తరుగక మిగిలినది. కర్మనిర్జర యనగా నేమో తెలియనివారు ఆ కొండను చూచిన చాలును.

యాత్ర 27 కిలోమీటర్లు. మధుబనము నుండి ఎక్కుట 9, పైన టోంకుల దర్శనము 9, దిగుట 9. నడువలేని వృద్ధులకు డోలీలు కలవు. యాత్రికుని కాటాపై తూచి, తూకమునుబట్టి కూలి నిర్ణయింతురు. జీవితమంతయు కాటా ముందు గడపిన వర్తకుడు అక్కడ తానే సరకై కూర్చుండును!

ఆ డోలీ మోయువారు కొండ చుట్టుపట్ల పల్లెలవారే. సంతాలులకు ఈ కొండ ‘మరాంగ్ బురు’, అనగా మహాపర్వతము, వారికిని దైవమే. 2019లో కేంద్ర ప్రభుత్వము కొండ పరిసరములను పర్యావరణ సున్నిత మండలముగా ప్రకటించినప్పుడు, అందు పర్యాటకమునకు చోటుండుట జైనులను కలవరపెట్టినది. ఆందోళన జరుగగా 2023 జనవరిలో ఆ పర్యాటక కార్యక్రమములు నిలుపబడినవి. సంతోషమే. అయితే కొండ పవిత్రత ఒక్క ఉత్తరువుతో నిలుచునా?

తత్త్వార్థసూత్రమున ఉమాస్వాతి అహింసాణువ్రతమునకు చెప్పిన అయిదు అతిచారములలో అతిభారారోపణము ఒకటి. శక్తికి మించిన బరువు మోపుట. ఎద్దుబండిపై బస్తాలు ఎక్కువైనప్పుడు గుర్తుకు వచ్చెడి ఈ మాట, మనిషి భుజముపైకి ఎక్కునప్పుడు గుర్తుకు రాదేమి? పైన పాదుకల కడ వేలు సమర్పించు శ్రావకుడే క్రింద డోలీవానితో యాబది రూపాయలకు అరగంట వాదించును. బేరము వర్తకునికి ఊపిరి, కాదనరాదు. కాని అది అంగడిలో. తూకము ముగిసిన పిదప మెల్లగా మూటను డోలీలో పెట్టుకొనువారును కలరు. త్రాసు క్రింద చేయి పెట్టుటకును దీనికిని ఎంత భేదము? నడువగలిగియు డోలీ ఎక్కువారి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

రాబోవు శీతకాలమున శిఖర్జీకి బయలుదేరు కుటుంబములు మూటలను మధుబనపు ధర్మశాలలోనే వదలిపోవచ్చును. దారిలో సీతానాళా వాగు తగులును. అక్కడ మోయువారు డోలీ దింపి, నీరు త్రాగి, చెమట తుడుచుకొని, తమంతట తాము లేచువరకు ఎవరును తొందరపెట్టకుందురు గాక.