వ్యాయామోపాధ్యాయుని విజయము

గణితోపాధ్యాయుని విజయమును పరీక్షాఫలితములు చెప్పును. ఈల చేతబట్టి మైదానమున నిలిచినవానికి అట్టి సాక్ష్యము లేదు. మన మలేసియాలో 1988లో ఆరంభమై 2021లో రద్దయిన యు.పి.ఎస్.ఆర్. పరీక్షలో వ్యాయామవిద్యకు ప్రశ్నపత్రమే లేదు. పరీక్షలు సమీపించినచో మొదట పోవునది ఆటల పీరియడే. ఇట్టివాడు సాయంకాలము ఇంటికి పోవుచు, నేడు నా పని ఫలించినదని దేనిని చూచి తలపవలెను?

కొందరు కప్పును చూతురు. గెలిచిననాడు అది తమ శిక్షణ. ఓడిననాడు పిల్లలు సోమరులు, మైదానము బురద. గెలుపును తన నేర్పునకును, ఓటమిని పరిస్థితులకును అంటగట్టుట మానవ స్వభావమని మనస్తత్వశాస్త్రజ్ఞులందురు. ఇందు కపటము లేదు. తోటి ఉపాధ్యాయులు 'డ్రిల్లు మాస్టారు' అని తేలికగా చూచుచుండగా ఆ వెండి కప్పే కదా అతని పరువు! మా పాఠశాల గాజు బీరువాలోని కప్పులను నేనే తుడిచెడివాడను.

1983లో జూడిత్ ప్లాసెక్ అను అమెరికా విదుషి వ్యాయామోపాధ్యాయుల మనసులోని కొలబద్దలను పరిశీలించెను. పిల్లలు ఏదో ఒక పనిలో నుండుట, సంతోషముగా నుండుట, అల్లరి చేయకుండుట, ఈ మూడే వారికి ముఖ్యముగా దోచెను. పిల్లవాడు ఏమి నేర్చెనన్నది వెనుకబడెను. ఉద్యోగవిరమణానంతరము దీనిని చదివి సిగ్గుపడితిని. అవి నా కొలబద్దలే.

తెల్లవారుజామున కూలీలను వరుసలో నిలిపి పేర్లు పిలుచుట మన తాతల కాలపు తోటలలో నిత్యకృత్యము. వరుస నిండినచో దొరకు తృప్తి. ఎవరి ఒంట జ్వరమున్నదో ఆ వరుస చెప్పదు. నేనును దొరవలెనే చూచితినని వ్రాయుటకు చేయి వెనుకాడుచున్నది.

స్థూలకాయుడైన బాలుడొకడు నా తరగతిలో నుండెను. పరుగెత్తినచో తోటివారు నవ్వుదురని అతనికి బంతుల సంచి మోయు పని ఇచ్చితిని. రెండేండ్లు అతడు మారు పలుకలేదు. నా లెక్కలో అతడు మంచి విద్యార్థి. ఒకనాడు సంచి దించి, "మాస్టారూ, నాకు బంతి పట్టుకోవడం నేర్పుతారా?" అని అడిగెను.

తాను చేయగలనను నమ్మకమునకు స్వయముగా సాధించిన అనుభవమే అన్నిటికన్న బలమైన ఆధారమని ఆల్బర్ట్ బండూరా 1977లో వ్రాసెను. ఇది పిల్లలకే కాదు, ఉపాధ్యాయునికిని వర్తించును. అట్టి బాలునికి నేర్పగలనను నమ్మకము నాకు లేకుండెను. నేర్పి చూచిననాడు కదా అది కలుగుట! ఆ లోటునకు దయ యని పేరు పెట్టుకొంటిని.

మెత్తని బంతితో, ఆరడుగుల దూరమునుండి ఆరంభించితిమి. బంతి వచ్చువేళ కన్నులు మూసికొనుట అతని ఇబ్బంది. దానిని నేను అదివరకు గమనింపనే లేదు. మూడవ వారమున పది విసరులలో ఆరింటిని పట్టెను. ఆ యేడు మాకు కప్పు రాలేదు. సంచిని మాత్రము పిల్లలు వంతులవారీగా మోసిరి.