సంతకమూ, సమ్మతీ

కాగితం మీద సంతకం పడినంత మాత్రాన సమ్మతి లభించినట్లేనా? న్యాయశాస్త్రజ్ఞులు ఏనాడో తేల్చివేసిన ప్రశ్న ఇది అనుకుంటాం. కాని రంగారెడ్డి జిల్లా కందుకూరులోనో, తుక్కుగూడలోనో, పొద్దున డ్యూటీకి పోయే తల్లి తన బిడ్డను డే కేరులో చేర్చడానికి నింపే ఫారం చూస్తే, అది ఇంకా తేలలేదనే తోస్తుంది.

2008లో శంషాబాదుకు విమానాశ్రయం వచ్చింది. దాని వెంట గోదాములూ, హోటళ్లూ, కంపెనీలూ వచ్చాయి. చేనుకు పోయే ఇంటి కోడలు షిఫ్టుకు పోతున్నది. చేనుకైతే పిల్లను వెంట తీసుకుపోయి చెట్టుకు ఉయ్యాల కట్టవచ్చు. షిఫ్టుకు అది కుదరదు. ఇంట్లో అత్తగారుంటే సరే, లేకుంటే డే కేరే గతి.

నేను చదివిన అటువంటి పత్రాలు ఇంగ్లీషులో ఉన్నాయి. పిల్లను ఎవరు తీసుకుపోవచ్చు, ఏ మందు పడదు, జ్వరం వస్తే ఎవరికి కబురు చేయాలి - ఇవి పిల్లకోసం రాసిన షరతులు. ఎంత వివరంగా ఉంటే అంత మేలు. మధ్యలో మాన్పిస్తే కట్టిన సొమ్ము తిరిగి రాదు, ఆవరణలో ఏ ప్రమాదం జరిగినా యాజమాన్యానికి బాధ్యత లేదు - ఇవి సొమ్ముకోసం రాసినవి. తమాషా ఏమంటే, తల్లి చెప్పవలసినచోట రెండు గీతల జాగా ఉంటుంది. ఆమె ఒప్పుకోవలసినచోట పేజీలకు పేజీలు అచ్చు ఉంటుంది.

"ఇష్టం లేకపోతే సంతకం చేయవద్దు, ఎవరు బలవంతపెట్టారు?" అంటారు కొందరు పెద్దలు. 'పెట్టుబడి' మొదటి సంపుటంలో మార్క్సు బజారును మానవ హక్కుల నందనవనమని వెక్కిరించింది ఇటువంటి మాటలనే గదా! రేపు ఆరింటికి పనిలో ఉండవలసిన మనిషికి, దగ్గరలో ఒకే ఒక్క కేంద్రం ఉన్నప్పుడు, ఇష్టమన్న మాటకు అర్థమేమిటి? మన సుప్రీం కోర్టు కూడా 1986లో, బ్రోజోనాథ్ గంగూలీ వ్యాజ్యంలో, బేరమాడే బలం లేనివాడి చేత ఒప్పించుకున్న ఘోరమైన షరతు 1872 నాటి ఒప్పందాల చట్టం 23వ సెక్షను కింద చెల్లదన్నది. 2019 వినియోగదారుల చట్టం 'అన్యాయపు ఒప్పందా'నికి నిర్వచనమే ఇచ్చింది. అయితే కోర్టుకు తిరిగే తీరిక ఉన్న తల్లికి డే కేరుతో పనేముంది?

ఇంతకన్నా లోతైన చిక్కు మరొకటుంది. బాధ్యత లేదనే షరతు కింద సంతకం చేసిన తల్లి వదులుకున్నది ఎవరి హక్కు? డబ్బు ఆమెది, వదులుకోవచ్చు. కాలు విరిగేది పిల్లది. ఈ నేలమీద ఈ ప్రశ్న కొత్తది కాదు. నిజాం రాజ్యంలో భాగేలా కింద తండ్రి తెచ్చిన అప్పుకు కొడుకు దొర ఇంట చాకిరీ చేశాడు; 1976 నాటి వెట్టి నిర్మూలన చట్టం ఆ భాగేలాను పేరుపెట్టి మరీ లెక్కలోకి తీసుకున్నది. 'కన్యాశుల్కం'లో లుబ్ధావధాన్లతో బేరం కుదిరినప్పుడు సుబ్బి మాట ఎవరడిగారు? డే కేరును వెట్టితో సమానం చేయడం నా ఉద్దేశం కాదు. పోలిక ఒక్కచోటే: తల్లి బిడ్డకు ధర్మకర్త, యజమానురాలు కాదు. బిడ్డ మేలుకు ఆమె సంతకం ఎంత దూరమైనా పోవచ్చు. బిడ్డ హక్కును తగ్గించడానికి మాత్రం ఒక్క అడుగు కూడా పోరాదు.

నిర్వాహకుల పక్షాన కూడా న్యాయముంది. అద్దె గదుల్లో కేంద్రం నడిపే స్త్రీ ఒక్క వ్యాజ్యంతో దివాలా తీయవచ్చు. ఆలస్యపు రుసుమును నేను తప్పుపట్టను. ఆయాకూ ఇల్లుంది, పిల్లలున్నారు. బలహీనులైన ఇద్దరు స్త్రీలు ఒకరి మీదికి ఒకరు ప్రమాదాన్ని నెట్టుకోవడమే ఈ ఒడంబడిక అసలు రూపం.

శిశుశాలలను కొత్త సమాజపు మొలకలలో చేర్చి లెనిన్ 1919లోనే రాశాడు. మన దేశంలో 1975లో అంగన్‌వాడీలు వచ్చాయి గాని, వాటి వేళలు షిఫ్టుల వేళలు కావు. యాభైమంది పనిచేసేచోట శిశుశాల ఉండాలని 2017 ప్రసూతి చట్ట సవరణ విధించింది. 2020 సామాజిక భద్రతా కోడ్ కూడా దానిని నిలిపింది. పనివాళ్లను ఏజెన్సీల పేరున పంచుకున్నచోట ఆ యాభై ఎవరి లెక్కలో పడుతుంది? ఆ తల్లి షిఫ్టు వేళను నిర్ణయించిన కంపెనీకి ఈ ఫారంలో ఏ షరతూ లేదు. 'తల్లి ఉద్యోగం' అన్న గీతమీద పేరు రాస్తారు, అంతే.