రెండుమార్లు కొనెడి చదువు

అమీరుపేటలో మైత్రీవనము ప్రక్క సందులలో నడచువారికి బోసిగోడ కానరాదు. జావా, ఒరాకిల్, పైథాన్ నేర్పుదుమను ప్రకటనలు ఒకదానిపై నొకటి అంటించి యుండును. అక్కడను పంజగుట్టలోను హాస్టళ్లలో దిగిన యువకులు నాలుగేండ్లు కళాశాలలో చదివి, పట్టము పుచ్చుకొని, మరల విద్యార్థులై కూర్చుండుచున్నారు. తండ్రి యొకసారి చెల్లించిన జీతమునకు ఇది రెండవ వెల. ఇది న్యాయమా?

ఈ ప్రశ్న మనకొక్కరికే తటస్థించినది కాదు. 19వ శతాబ్దమున కోరంగి రేవునుండి చెఱకుతోటల పనికి పోయిన తెలుగువారి సంతతి నేటికిని తెలుగు నేర్చుకొనుచున్న మారిషస్ ద్వీపము దీనితో చిరకాలము పెనగినది. 1968లో స్వతంత్రమైన యా దేశము 1977లో మాధ్యమిక విద్యను ఉచితము గావించెను. జీతము పోయెను గాని ఖర్చు పోలేదు. ప్రాథమిక విద్య చివర జరుగు పరీక్షలో ముందు నిలిచినవారికే పేరుగల పాఠశాలలు దక్కుచుండుటచే పసిబిడ్డలు సైతము ప్రైవేట్లకు పరుగిడిరి. పగలు బడిలో చెప్పిన పంతులే సాయంకాలమున ఆ పిల్లలకే డబ్బు పుచ్చుకొని చెప్పుటయు కలదు. చిన్న తరగతులకు ప్రైవేట్లు చెప్పరాదని చట్టము చేసిరి. 2017లో ఆ పరీక్షనే తీసివేసి తొమ్మిదేండ్ల విద్య నేర్పఱచిరి. కాని మేలైన పాఠశాలలు కొన్నియే యుండుటచే వడపోత తొమ్మిదవ తరగతి చివరకు జరిగెనే కాని తొలగలేదు.

మనకును చట్టము కలదు. 2009 నాటి విద్యాహక్కు చట్టపు 28వ సెక్షను బడిపంతులు ప్రైవేట్లు చెప్పరాదని శాసించుచున్నది. అది యుచితమే. పగలు దాచి రాత్రి అమ్మువాడు ఇదివఱకే వెల పుచ్చుకొన్న సరకును మరల అమ్ముచున్నాడు. దానిని దొంగతనమనుటకు మేము సంకోచింపము. అమీరుపేట బోధకుడో, దాచినదేమియు లేదు. ఎవరో చెప్పక విడిచినదానిని అతడు చెప్పుచున్నాడు. అతనిని నిందించువారు విడిచినవారి నేల యడుగరు?

యంత్రవిద్య ఏటేట మాఱును, కళాశాల పునాది మాత్రమే వేయగలదని కొందఱందురు. కొంత నిజమే. కాని పునాది గట్టిగా పడినవానికి క్రొత్తది నేర్చుకొనుటకు ఒక పుస్తకమును కొంత తీరికయు చాలును. అతడు ఇఱుకు గదిలో నూఱుమంది నడుమ కూర్చుండ నక్కఱలేదు.

ప్రతి కళాశాలయు తన పట్టభద్రులలో ఎందఱు మరల వెల పెట్టి చదువుకొనుచున్నారో ఏటేట లెక్క ప్రకటింపవలెనని మా కోరిక. ఆ రెండవ వెల పెట్టలేక పట్టము పెట్టెలో పెట్టుకొని ఊరికి మఱలి పోయినవారి లెక్కయు అందులో చేరవలెను. వారు అమీరుపేట గోడలను చూచి యైనను ఎఱుగరు.